ఒక్క ముఖం వద్దు, పేరు పేరునా కావాలి

వార్షికోత్సవ సంచికకు అట్ట మీద ఏ బొమ్మ వేయాలన్న విషయం మీద ఈసారి మన హాస్టల్లో చాలా చర్చ జరిగింది. కంప్యూటర్ పని తెలిసిన పూర్వ విద్యార్థులు కొందరు ఒక ఆలోచనతో ముందుకు వచ్చారు. హాస్టల్లో ఉన్న పిల్లలందరి ఫోటోలూ తీసుకుని, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి కలిపేసి, అందరి ముఖాల నుంచీ ఒకే ముఖం తయారుచేసి అట్ట మీద వేద్దామన్నారు. ‘మనమంతా ఒక్కటే’ అని చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఏముంటుంది అన్నారు. ఈసారికి పాత పద్ధతిలోనే అట్ట వేశారు గాని, వచ్చే ఏడాదికి ఆ పని చేసి తీరాలన్న మాట గట్టిగానే ఉంది. ఆ అన్నల అభిమానం మీద మాకు ఏ అనుమానమూ లేదు. అయినా హాస్టల్లో ఉండి ఇంటర్, డిగ్రీ చదువుతున్న మా కొందరి అభిప్రాయం వేరు. ఇది చాటుగా గొణుక్కునే సంగతి కాదు కాబట్టి ఈ పేజీల్లోనే రాస్తున్నాం. చదివి, మీకు తోచింది మీరూ రాయండి.

బొమ్మ ఎలా తయారవుతుంది?

ముందు ఈ కళ సంగతి తెలుసుకుందాం. తెలియకుండా వద్దనడం న్యాయం కాదు.

కంప్యూటర్లో ఉండే ఫోటో అంటే చిన్న చిన్న చుక్కల వరుస. ఒక్కో చుక్కలో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అన్నది 0 నుంచి 255 దాకా ఉండే అంకెలతో రాసి ఉంటుంది. వందమంది ముఖాలు తీసుకుని, అందరి కళ్ళూ ఒకే చోటికి వచ్చేలా సరిచేసి, ప్రతి చుక్క దగ్గరా వంద అంకెలనూ కూడి వందతో భాగిస్తే వచ్చేదే ఆ కలిపిన ముఖం. మనం ఏడో తరగతిలో నేర్చుకున్న సగటే ఇది, వేరే మాయ ఏమీ లేదు.

డబ్బు పెట్టి కొననక్కర్లేని జింప్ అనే సాఫ్ట్‌వేర్‌తో దీన్ని ఎవరైనా చేయవచ్చు. ఫోటోలను పొరలుగా పేర్చి, కింది పొరకు 100 శాతం, రెండోదానికి 50, మూడోదానికి 33, నాలుగోదానికి 25, ఇలా తగ్గించుకుంటూ పోవాలి. అప్పుడే అందరికీ సమాన వాటా వస్తుంది. కొత్తగా చేసేవాళ్ళు తరచు అన్ని పొరలకూ 50 శాతమే పెట్టేస్తారు. చూడడానికి సమానంగానే కనబడుతుంది. కాని అలా పెడితే అందరికన్నా పైన ఉన్నవాడికి సగం, వాడి కింద ఉన్నవాడికి పావు, ఆ కింద ఉన్నవాడికి అరపావు దక్కుతుంది. పది పొరలుంటే అట్టడుగు పొరకు మిగిలేది 512లో ఒక వంతు. నిచ్చెనమెట్ల వ్యవస్థ గురించి సభల్లో వింటూ ఉంటాం. అది లెక్కల్లో ఎలా ఉంటుందో చూడాలంటే ఈ పొరలు పేర్చి చూస్తే చాలు. పేరుకు అందరికీ ఒకే నిబంధన, చివరికి కనబడేది పైవాడి ముఖం.

ఈ పద్ధతి వల్ల మేలు కూడా ఉంది. మన ఫోన్లలో రాత్రిపూట తీసే ఫోటో ఒక్క ఫోటో కాదు. ఫోను గబగబా చాలా ఫోటోలు తీసి కలుపుతుంది. ప్రతి ఫోటోలోనూ చీకటి వల్ల వచ్చే మచ్చలు వేరువేరు చోట్ల పడతాయి కాబట్టి కలిపినప్పుడు అవి పోయి, అన్నింటిలోనూ మారకుండా ఉన్న వస్తువు మిగులుతుంది. ఆకాశంలో మసకగా ఉండే నక్షత్రాలను ఫోటో తీసేవాళ్ళు కూడా ఇదే చేస్తారు. దీన్నిబట్టి ఒక సూత్రం అర్థమవుతుంది. కలిపినప్పుడు కదలనిది మిగులుతుంది, కదిలేది పోతుంది. అందరిలో ఉన్నది మిగులుతుంది, ఒక్కరిలో ఉన్నది పోతుంది. నక్షత్రాల విషయంలో పోయేది మచ్చ. మనుషుల విషయంలో పోయేది ఏమిటన్నదే మా ప్రశ్న.

పారిస్ వీధిలో ఒక మనిషి

ఫోటో పుట్టిన తొలి రోజుల్లోనే దీనికి ఒక సాక్ష్యం ఉంది. 1838లో లూయీ డాగేర్ అనే ఆయన పారిస్‌లోని ఒక పెద్ద వీధిని తన కిటికీలోంచి ఫోటో తీశాడు. అప్పటి ఫోటోకు క్షణం సరిపోదు, కొన్ని నిమిషాలు పట్టేది. అంటే ఆ కొన్ని నిమిషాల్లో జరిగిందంతా ఒకే పలక మీద కలిసిపోయేది. ఆ వీధిలో బండ్లు తిరుగుతున్నాయి, జనం నడుస్తున్నారు. కాని ఫోటోలో వీధి నిర్మానుష్యం. ఇళ్ళు ఉన్నాయి, చెట్లు ఉన్నాయి, మనుషులు లేరు. ఒక్క మూల మాత్రం ఒక మనిషి కాలు ఎత్తి పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు. కదలకుండా నిలబడ్డాడు కాబట్టి ఫోటోకు ఎక్కాడు. ఆయన కాలి దగ్గర ఒంగి చేతులు ఆడిస్తున్న శ్రామికుడు మసకమసకగా మిగిలాడు. మనుషులు కనబడే ఫోటోల్లో ఇప్పటిదాకా దొరికిన అతి పాతది ఇదేనంటారు. నిలబడి పని చేయించుకున్నవాడు స్పష్టంగా, పని చేసినవాడు అలుక్కుపోయి ఉండడం మాకు చాలాసేపు ఆలోచన కలిగించింది. ఇద్దరి పేర్లూ చరిత్రకు తెలియవు.

కలిపిన ముఖాల కథ

ముఖాలను కలపడం మొదలుపెట్టింది కంప్యూటర్ కాదు. 1870ల చివరలో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఆయన పద్ధతి తేలికైనది. ఒక పలక మీద ఫోటో పడడానికి ఎనభై సెకన్లు పడుతుందనుకుంటే, ఎనిమిదిమంది ఫోటోలను ఒక్కొక్కటీ పది సెకన్ల చొప్పున అదే పలక మీద పడనివ్వాలి. ఎనిమిదిమందీ కలిసి ఒకే ముఖం వస్తుంది.

ఆయన ఎవరి ముఖాలు కలిపాడో చూడండి. జైళ్ళ అధికారి దగ్గర నుంచి ఖైదీల ఫోటోలు తెప్పించుకున్నాడు. నేరస్థుడి ముఖం ఇలా ఉంటుందని ఒక అచ్చు తయారుచేయాలని ఆయన ఆశ. 1878లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆశ తలకిందులైంది. కలిపిన ముఖం ఏ ఖైదీ ముఖం కన్నా కూడా మెరుగ్గా, మామూలు మనిషి ముఖంలా వచ్చింది. నేరం ఏ ముఖంలోనూ లేదని ఆ బొమ్మే చెప్పింది. ఆ సంగతి ఒప్పుకుంటూనే ఆయన ఆగలేదు. రోగుల ముఖాలు కలిపాడు. 1880లలో లండన్‌లోని ఒక ఉచిత పాఠశాలలో చదివే పేద యూదు పిల్లల ముఖాలు కలిపి, ఆ జాతి ముఖం ఇదీ అని చూపించాడు. ఆ పిల్లలు కూడా మనలాగే బడిలో చదువుకునే పిల్లలు. 1883లో ‘యూజెనిక్స్’ అనే మాట పుట్టించింది కూడా ఈ గాల్టనే. మంచి జాతి, చెడ్డ జాతి అంటూ మనుషులను పశువుల్లా ఏరాలనే ఆ సిద్ధాంతం పేరు చెప్పి 1907 నుంచి అమెరికాలోని రాష్ట్రాల్లో, 1933లో హిట్లర్ జర్మనీలో, మనుషులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే చట్టాలు తెచ్చారు.

ఈ కథలో ఒక విచిత్రం ఉంది. అదే గాల్టన్ 1892లో వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. వేలిముద్రల్లోనూ జాతి గుర్తు దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు, అది కూడా పుస్తకంలో రాశాడు. దొరికిందల్లా ఏ ఇద్దరి ముద్రలూ ఒక్కటి కావన్న సత్యమే. ముఖాలు కలిపి మనిషిని జాతిగా మార్చాలని చూసినవాడికి చివరికి ప్రతి మనిషీ వేరు అన్న రుజువు బొటనవేలి కొనలో దొరికింది.

కళాకారులు ఏం చేశారు?

ఈ పద్ధతిని కంప్యూటర్‌తో మంచి కళగా మార్చినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో నాన్సీ బర్సన్ అనే కళాకారిణి 1982లో అణ్వాయుధాలున్న దేశాల నాయకుల ముఖాలు కలిపింది. సమానంగా కలపలేదు. ఎవరి దగ్గర ఎన్ని అణ్వస్త్రాలున్నాయో వారికి అంత వాటా ఇచ్చింది. రీగన్‌కు 55 శాతం, బ్రెజ్నేవ్‌కు 45 శాతం పోగా థాచర్, మిట్టరాండ్, డెంగ్‌లకు ఒక్కొక్కరికి ఒక శాతం కూడా రాలేదు. లోకాన్ని భయపెట్టే ముఖం ఎవరిదో ఆ ఒక్క బొమ్మ చెప్పేసింది. బలవంతులను కలిపి చూపడం ఒక ధైర్యం. బలహీనులను కలిపి చూపడం వేరు. రెండూ ఒకటి కావు.

జేసన్ సలవాన్ అనే మరో అమెరికా కళాకారుడు 1998లో మన చర్చకు దగ్గరగా ఉండే పని చేశాడు. తన హైస్కూలు బ్యాచ్ 1988ది, వాళ్ళమ్మ బ్యాచ్ 1967ది. రెండు బ్యాచ్‌ల పుస్తకాల్లోనూ అచ్చయిన విద్యార్థుల ఫోటోలు తీసుకుని, మగపిల్లలందరినీ ఒక ముఖంగా, ఆడపిల్లలందరినీ ఒక ముఖంగా కలిపాడు. మంచులో నిలబడ్డట్టు మసకగా ఉండే ఆ నీడల్లో ఎవరి కళ్ళూ ఎవరివో తెలియవు. బొమ్మగా అది బాగుంది, మేము కాదనం. కాని అక్కడ ఒక తేడా ఉంది. ఆ పిల్లలందరి ఫోటోలూ పేర్లతో సహా ముందే పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. కలిపిన బొమ్మలో మాయమైనవాడు పుస్తకం తెరిస్తే దొరుకుతాడు. మన హాస్టల్లో అలాంటి పుస్తకం ఏది? ఇన్నేళ్ళలో ఇక్కడ చదివి వెళ్ళిన వాళ్ళందరి ఫోటోలు పేర్లతో ఒకచోట ఎక్కడైనా ఉన్నాయా? ముందు విడివిడిగా కనబడినవాళ్ళకే కలిసిపోవడం ఒక అందం. ఇంతవరకూ కనబడనివాళ్ళకు అది ఇంకోసారి కనబడకపోవడమే.

మన సంగతి

మిత్రులారా, మన ముఖాలను కలిపే పని బయటివాళ్ళు ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారు. పేపర్లో హాస్టళ్ళ వార్త ఏది వచ్చినా వేసే ఫోటో ఒకటే రకం: చేతిలో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లలు. కింద ‘ఫైల్ ఫోటో’ అని ఉంటుంది. వాళ్ళు ఎవరో, ఏ ఊరి పిల్లలో, ఇప్పుడు ఏం చేస్తున్నారో ఆ పేపరుకు అక్కరలేదు. బడిలోనూ అంతే. ‘ఆ హాస్టల్ పిల్లలు’ అంటే అందరికీ కలిపి ఒకే మాట. ఒకడు అల్లరి చేస్తే హాస్టల్ పిల్లలందరూ అల్లరివాళ్ళే. ఒకడు ఫస్టు వస్తే మాత్రం ‘హాస్టల్లో ఉండి కూడా’ అంటారు. ఇంతకాలం వాళ్ళు కలిపిన ముఖాన్ని మనం మోశాం. ఇప్పుడు మన చేతులతో మనమే ఇంకొకటి ఎందుకు తయారుచేయాలి?

కలిపిన ముఖం అందంగా ఉంటుంది, నిజమే. 1990లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ముఖాలను కంప్యూటర్లో కలిపి చూపించినప్పుడు, 32 మంది ముఖాలు కలిపిన బొమ్మను చూసినవాళ్ళు విడి ముఖాలకన్నా ఎక్కువగా మెచ్చుకున్నారు. మచ్చలు, గాట్లు అన్నీ పోయి నున్నగా వస్తుంది కాబట్టి అలా అవుతుంది. కాని మన పదో తరగతి సర్టిఫికెట్లో ఏం రాయించుకున్నామో గుర్తుచేసుకోండి. కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ, ఎడమ మోచేతి మీద గాటు. ‘ఇతను ఇతనే’ అని ప్రభుత్వం ఒప్పుకోవడానికి పనికొచ్చినవి ఆ రెండు మచ్చలే. కలిపిన ముఖం మొట్టమొదట చెరిపేసేది వాటినే.

అందరికన్నా మమ్మల్ని బాధపెట్టిన సంగతి ఇంకొకటి. గ్రూపు ఫోటోలో ఎవరైనా లేకపోతే తెలుస్తుంది. ‘వీడి పక్కన వాడుండాలే, ఏడీ?’ అని పాత ఫోటో చూసి అడుగుతాం. కలిపిన ముఖంలో అలా అడగలేం. వందమందికి బదులు తొంభై ఏడుమందినే కలిపినా ముఖం నిండుగానే ఉంటుంది. ఆ ముగ్గురు లేరని ప్రపంచంలో ఎవరూ కనిపెట్టలేరు. ఫోటో తీసే రోజున పత్తి ఏరడానికి ఇంటికి వెళ్ళినవాడు, నాన్న చనిపోతే చదువు మానేసి తమ్ముళ్ళను సాకుతున్నవాడు, దసరా సెలవులకు ఊరెళ్ళి మళ్ళీ రాని పిల్లవాడు, వీళ్ళ ఖాళీ ఆ బొమ్మలో కనబడదు. ‘తొంభై శాతం ఉత్తీర్ణత’ అని బోర్డు మీద రాసినప్పుడు మిగిలిన పదిమంది ఎలా కనబడరో ఇదీ అంతే. సగటు అబద్ధం చెప్పదు. కాని లేనివాడి గురించి ఎప్పుడూ మాట్లాడదు.

ఇది బొమ్మలతో ఆగే విషయం కూడా కాదు. 2018లో జాయ్ బువోలామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వ్యాపార సంస్థల కంప్యూటర్ పద్ధతులను పరీక్షించారు. తెల్లటి చర్మం ఉన్న మగవాళ్ళ విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. నల్లటి చర్మం ఉన్న ఆడవాళ్ళ విషయంలో వాటిలో కొన్నింటి తప్పులు నూటికి 34 దాటాయి. ఇలాంటి పద్ధతులను పరీక్షించడానికి వాడే ఫోటోల కుప్పల్లో నల్లని ముఖాలు తక్కువగా ఉన్నాయని కూడా వారు చూపించారు. ముఖం చూపించి హాజరు వేయించుకునే కాలం వచ్చేసింది. కుప్పలో ఎవరు లేరు అని అడిగే అలవాటు మనకు ఇప్పటినుంచే ఉండాలి.

‘ఒక్కటే’ అంటే ఏమిటి?

కలిపిన ముఖంలో కులం కనబడదు, ఊరు కనబడదు, అందరికీ సమాన వాటా ఉంటుంది, అది మంచిదే కదా అని మాతో వాదించినవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో బలం ఉంది. వాటాలు సరిగా వేస్తే ఆ బొమ్మలో ఎవరూ ఎక్కువ కారు, ఎవరూ తక్కువ కారు. కాని అంబేడ్కర్ గారు కోరిన సమానత్వం ఇలాంటిదేనా? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ ఆయన, గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తిని మూల ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. 1949 నవంబరు 25న మాట్లాడినప్పుడు, రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ వస్తున్నా, సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ విలువ ఇంకా రాలేదని హెచ్చరించారు. ఓట్లన్నీ ఒకే పెట్టెలో పడతాయి. కాని పెట్టెలో వేసేముందు ప్రతి ఒక్కరి పేరూ పిలుస్తారు, జాబితాలో చూస్తారు, వేలికి సిరా పెడతారు. పేరు పిలిచి లెక్కపెట్టే సమానత్వం వేరు, పేరు చెరిపేసి కలిపే సమానత్వం వేరు.

మన మెస్సునే చూడండి. ఒకే కుండలో వండిన అన్నం, ఒకే పప్పు, ఒకే బల్ల. అక్కడ మనం ఒక్కటే. అయినా ఎవరి పళ్ళెం మీద వాళ్ళ పేరు కొట్టించి ఉంటుంది. ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో పేరు, ఊరు రాసి ఉంటాయి. పేరు ఉన్నంతమాత్రాన ఐకమత్యం చెడలేదు. గుంపులో గోవిందయ్య అయితేనే ఐకమత్యం అనుకోవడం మాకు నచ్చలేదు.

మేము కోరేది

వద్దని చెప్పి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. వచ్చే సంచిక కోసం కమిటీ ముందు ఈ సూచనలు పెడుతున్నాం.

మొదటిది, మనుషులను కాదు, చోటును కలుపుదాం. కొరిన్ వియోనే అనే కళాకారిణి 2005 నుంచి, ఈఫిల్ టవర్ లాంటి ప్రసిద్ధ స్థలాల దగ్గర యాత్రికులు తీసుకున్న ఫోటోలను ఇంటర్నెట్‌లో ఏరి, పొరలుగా పేర్చి బొమ్మలు చేసింది. వేరువేరు మనుషులు వేరువేరు రోజుల్లో ఇంచుమించు ఒకే చోట నిలబడి చూశారని అవి చెబుతాయి. మనకూ అలాంటి చోట్లు ఉన్నాయి. గేటు, బోరింగు, వేపచెట్టు, మెస్ హాలు. ప్రతి బ్యాచ్ వాళ్ళూ అక్కడ దిగిన ఫోటోలు ఉన్నాయి. వాటిని కలిపితే గోడ నిలబడి, మనుషులు నీడల్లా వస్తారు. చోటు గురించి చెప్పే బొమ్మ కాబట్టి అది సబబే. అట్ట మీద అది వేయండి.

రెండవది, అట్ట తిప్పగానే విద్యార్థులందరి ఫోటోలూ విడివిడిగా, పేరు, తరగతి, ఊరుతో వేయండి. చిన్న చిన్న ఫోటోలను గళ్ళుగా పేర్చి దూరం నుంచి ఒక పెద్ద బొమ్మ కనబడేలా చేసే పద్ధతి కూడా ఉంది. అందులో దగ్గరికి వచ్చి చూస్తే ఎవరి ముఖం వాళ్ళది ఉంటుంది. ఆ పని చేసినా అభ్యంతరం లేదు, గడి వడ్లగింజంత కాకుండా ముఖం ఆనవాలు తెలిసేంత ఉంటే చాలు.

మూడవది, మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళకు కూడా ఒక గడి ఇవ్వండి. ఫోటో లేకపోతే ఖాళీగా ఉంచి పేరు రాయండి, వాళ్ళను అడిగిన తర్వాతే. ఆ ఖాళీ చూసి ఒక్క పూర్వ విద్యార్థి అయినా ఆ ఊరికి వెళ్ళి కనుక్కుంటే మన సంచిక ఖర్చు గిట్టినట్టే.

నాలుగవది, ఎవరి ఫోటో తీసినా ఎందుకు తీస్తున్నారో చెప్పి తీయండి. చిన్న తరగతుల పిల్లల విషయంలో తల్లిదండ్రులకు కూడా చెప్పండి. ఇష్టం లేదన్నవాళ్ళను బలవంతపెట్టవద్దు. పని అయ్యాక ఆ ఫోటోలు ఎవరి ఫోన్లలోనూ మిగలకూడదు.

ఐదవది, ముఖాలు కలిపే విద్యను కంప్యూటర్ తరగతిలో మాకు నేర్పించండి. ఇది మంచి విద్య, లెక్కలూ వస్తాయి, ఆలోచనా వస్తుంది. నేర్చుకుని మేమే ఒకటి చేసి లోపలి పేజీలో వేస్తాం. దాని కింద ఎందరిని కలిపామో, ఎవరెవరిని కలిపామో, ఎవరు లేరో రాస్తాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు చివరిగా ఒక విన్నపం. మీ ఇళ్ళల్లో పెట్టెల అడుగున పాత గ్రూపు ఫోటోలు ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని బయటకు తీయండి. ఫోటో వెనక పెన్సిలుతో, ఎడమ నుంచి కుడికి, వరుసగా పేర్లు రాయండి. అందరి పేర్లూ గుర్తు రాకపోతే మీ బ్యాచ్ వాళ్ళకు ఫోన్ చేసి అడగండి. మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాడి పేరు తప్పకుండా అడగండి. రాసి మాకు పంపండి. మిగిలిన పని మేము చూసుకుంటాం.